రేకు కింద జీపీఎస్: బాబాయ్ పడవ డైరీ

అక్టోబర్ 5

పొద్దున్నే బాబాయ్ ఫోన్. వల మళ్ళీ మోడుకు పట్టేసిందట. లాగితే సగం దాకా చిరిగిందట. "నువ్వు కొనిపించిన మిషనే బాబూ. మోడు అటేపు ఉందని సూపింది. నేను ఇటేపు వల ఏసాను. మోడు ఇటేపే ఉంది" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

బాబాయ్ మాకు చుట్టం కాదు. నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున వైజాగ్ కాలనీలో చేపలు పట్టుకునే మనిషి. ఊరి పేరులోనే ఉంది కదా, వీళ్ళ పెద్దవాళ్ళు విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడ నిలిచిపోయినవాళ్ళు. ఆదివారాలు చేపల వేపుడు కోసం హైదరాబాద్ నుంచి కార్లేసుకుని వెళ్ళే జనంలో నేనూ ఒకణ్ణి. అల్వాల్‌లో బయల్దేరితే మాల్, కొండమల్లేపల్లి, దేవరకొండ మీదుగా మూడున్నర గంటల దారి. వేపుడుతో మొదలైన పరిచయం పడవ ఎక్కేదాకా, అక్కణ్ణుంచి బాబాయ్ అని పిలిచేదాకా వచ్చింది. రెండేళ్ళ కిందట ఫిష్‌ఫైండర్ కొనమని చెప్పింది నేనే. నీటిలోకి శబ్దం పంపి లోతూ, అడుగున ఉన్నవీ తెర మీద చూపే మిషన్ అది. ఐదంగుళాల తెర, జీపీఎస్ లోపలే ఉన్న రకం.

చేపల్ని వెతకడానికి ఆయనకు మిషను అక్కర్లేదు. ఆయన బాధ మోళ్ళతో. సాగర్ నిండితే నీటిమట్టం 590 అడుగులు. కొన్నేళ్ళు ఎండాకాలంలో 510 దాకా దిగిపోతుంది. జూన్‌లో ఒడ్డున నిలబడితే కనబడే చెట్ల మోళ్ళు, పాత గోడలు అక్టోబర్ వచ్చేసరికి ఎంత లోతులో ఉంటాయో ఎవరికీ గుర్తుండదు. అందుకే ఎండల్లో పైకి కనబడ్డప్పుడే ఒక్కో మోడు దగ్గరికీ పడవ తీసుకెళ్ళి మిషన్లో గుర్తు పెట్టుకో, నీళ్ళొచ్చాక ఆ గుర్తులకు దూరంగా వల వేసుకో అని చెప్పాను. ఆయన బుద్ధిగా ముప్పై ఏడు గుర్తులు పెట్టాడు. ఇప్పుడు ఆ ముప్పై ఏడింటిలో ఏది నమ్మాలో తెలియదు.

అక్టోబర్ 11

రాత్రే వెళ్ళి అక్కడే పడుకుని, తెల్లారగానే రేవులోకి దిగాను. పోయిన ఏడాది నేను చూసిన పడవ కాదిది. షికారుకొచ్చే వాళ్ళకు ఎండ తగలకుండా ఉగాదికి ముందు మధ్య నుంచి వెనక దాకా జీఐ పైపుల చట్రం వేయించి పైన రేకు కొట్టించాడు. బాబాయ్ కూర్చుని మోటారు తిప్పే చోటు కూడా ఆ రేకు కిందికే వచ్చింది. ఫిష్‌ఫైండర్ అక్కడే, ఆయన మోకాలికి ఎదురుగా ఉంటుంది.

పడవ తాడుతో కట్టేసి ఉంది. తెర మీద మాత్రం నడుస్తోంది. పది నిమిషాల పాటు, కదలని పడవ వెనక ఒక గీత పడుతూనే ఉంది. ముగ్గు రాని చెయ్యి పిండి ఒలకబోసినట్టుంది ఆ గీత. స్కేలు చూసి కొలిస్తే ఒక కొస నుంచి ఇంకో కొసకు 14 మీటర్లు.

ఉపగ్రహాల పేజీ తెరిచాను. ఐదు దొరుకుతున్నాయి. ఐదూ పక్కల నుంచే, బాగా దిగువన ఉన్నవి. నడినెత్తిన ఉన్నవి ఒక్కటీ లేవు. హెచ్‌డీవోపీ అని పక్కనే ఒక అంకె ఉంటుంది. ఉపగ్రహాలు ఆకాశమంతా పరుచుకుని దొరికితే అది ఒకటికి అటూ ఇటూ ఉంటుంది, ఒక పక్కకు పోగైతే పెరుగుతూ పోతుంది. ఇక్కడ 4.2 చూపిస్తోంది.

మరలు విప్పి, వైరు అందినంత దూరం తెరను బయటికి లాగి, ఎండలో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రెండు నిమిషాల్లో పదకొండు ఉపగ్రహాలు దొరికాయి. హెచ్‌డీవోపీ 0.9కి దిగింది. గీత కూడా మూడు మీటర్ల ముద్దగా కుదురుకుంది.

అంటే లోపలి యాంటెన్నాలో లోపం లేదు. దాని నెత్తిన రేకు ఉంది, అంతే. జీపీఎస్ సిగ్నల్ 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి వస్తుంది. మన దగ్గరికి చేరేసరికి రిసీవర్‌లోని సొంత రొద కంటే బలహీనంగా ఉంటుంది. దాని అల పొడవు 19 సెంటీమీటర్లు. ఆ అలకు జీఐ రేకు గోడతో సమానం. పై నుంచి దారి మూసుకుపోతే పక్కల నుంచి వచ్చేవే మిగులుతాయి. వాటిలోనూ కొన్ని నీటి మీద పడి, రేకు లోపలి వైపు తగిలి, చుట్టుతిరిగి వచ్చేవి. చుట్టుతిరిగి వచ్చిందని రిసీవర్‌కు తెలియదు. ఆలస్యంగా వచ్చింది కాబట్టి దూరం నుంచి వచ్చిందనుకుంటుంది. పడవ రేవులోనే ఉండి తెర మీద నడవడం అందుకే.

బయట యాంటెన్నా పెడదాం బాబాయ్ అన్నాను. "ఎంతవుద్ది?" అన్నాడు. నాకూ తెలియదు.

అక్టోబర్ 14

తెలిసింది. కంపెనీ వాళ్ళ ఎక్స్‌టర్నల్ యాంటెన్నా ధర మా ఫిష్‌ఫైండర్ ధరలో సగానికి పైనే ఉంది. అది విన్న టెన్షన్‌లో ఆఫీసు అయ్యాక కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి, కార్లకు పెట్టే అయస్కాంతం యాంటెన్నా ఒకటి మూడొందల యాభైకి కొనేశాను. మూడు మీటర్ల సన్న వైరు, చివర బంగారు రంగు స్క్రూ కనెక్టర్. ఇంటికొచ్చి ఫోన్లో ఉన్న మా మిషన్ ఫొటో తెరిచి చూసుకుంటే వెనక ఆ కనెక్టర్ పట్టే రంధ్రమే లేదు.

బజార్లో ఎక్స్‌టర్నల్ యాంటెన్నా అనే ఒక్క మాటకు రెండు వేర్వేరు వస్తువులు ఉన్నాయని నాకు అప్పుడు వెలిగింది. మొదటిది ఉత్త యాంటెన్నా. సిరామిక్ పలక, దాని కింద చిన్న యాంప్లిఫయర్, అంతే. అది సిగ్నల్‌ను పట్టి వైరులో పంపుతుంది, లెక్క కట్టే రిసీవర్ మిషన్‌లో ఉంటుంది. రెండోదాన్ని పుట్టగొడుగులా ఉంటుంది కాబట్టి అందరూ యాంటెన్నా అనే పిలుస్తారు గానీ దాని కడుపులో పూర్తి రిసీవర్ ఉంటుంది. స్థానం లెక్క అక్కడే అయిపోయి, మిషన్‌కు అంకెలు మాత్రం వస్తాయి. లోపల జీపీఎస్ ఉన్న ఫిష్‌ఫైండర్లు చాలావాటికి, మాదానికిలాగే, మొదటి రకాన్ని తగిలించే చోటు ఉండదు. అంకెలు తీసుకునే వైర్లు ఉంటాయి. కాబట్టి కొనడానికి బజారుకెళ్ళే ముందు మిషన్ వెనక ఏముందో చూడాలి. నేను బజారుకెళ్ళొచ్చాక చూశాను.

మా మిషన్ పవర్ కేబుల్‌లోనే ఎన్‌ఎంఈఏ 0183 వైర్లు ఉన్నాయి, టేపు చుట్టి వదిలేసి. పడవల్లో పెట్టే మిషన్లు ఒకదానికొకటి అంకెలు పంపుకునే భాష అది. ఆ భాష మాట్లాడే రిసీవర్‌ను నేనే కట్టుకోవచ్చు. డ్రోన్లకు వాడే యూ-బ్లాక్స్ ఎం8ఎన్ అనే జీపీఎస్ రిసీవర్ మాడ్యూల్ ఒకటి నా సొరుగులో ఎప్పటినుంచో పడి ఉంది.

అక్టోబర్ 18

మేడ మీద పరీక్ష. ల్యాప్‌టాప్‌కు మాడ్యూల్ తగిలించి యూ-సెంటర్ అనే దాని సాఫ్ట్‌వేర్ తెరిచాను. ఒక్కో ఉపగ్రహం సిగ్నల్ ఎంత బలంగా ఉందో గీతల్లో, అంకెల్లో చూపిస్తుంది. అంకె పెద్దదైతే సిగ్నల్ బలమైనదని. నాలుగు కుర్చీల మీద రకరకాల కప్పులు వేసి, కింద మాడ్యూల్ పెట్టి, ఒక్కోదానికి పావుగంట ఇచ్చాను. పక్కింటి ఆంటీ గోడ మీద నుంచి తొంగిచూసి "ఏం ఆరబెట్టావు నాయనా?" అని అడిగింది. ఉపగ్రహాలు అంటే నమ్మేలా లేదు. వడియాలు అని చెప్పాను.

ఏ కప్పూ లేకుండా బలమైన ఉపగ్రహాలు 45, 46 దగ్గర ఉన్నాయి. మాడ్యూల్ జీపీఎస్‌తో పాటు రష్యా వాళ్ళ గ్లోనాస్‌నూ వాడుతుంది కాబట్టి మొత్తం పదిహేడు దొరికాయి. టార్పాలిన్ కింద ఏ తేడా లేదు. దాని మీద మగ్గుతో నీళ్ళు పోసి తడిపితే రెండు మూడు తగ్గింది. మేడ మెట్ల పైన వేసే తెల్ల ఫైబర్ షీట్ ముక్క కింద పెడితే తేడా ఒకటో అరో. నీళ్ళ ట్యాంకు పక్కన పడి ఉన్న జీఐ రేకు ముక్క పెట్టగానే నడినెత్తి గీతలన్నీ పడిపోయాయి. పక్కల ఉన్నవి ముప్పై లోపుకు దిగి ఊగిసలాడాయి.

ఇంకో సంగతి. ఆకాశం తెరిచి ఉన్నప్పుడు జాబితాలో 40, 41 అనే రెండు నంబర్లు కనబడ్డాయి. అవి మామూలు జీపీఎస్ ఉపగ్రహాలు కావు, మన గగన్. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి విమానాల కోసం కట్టిన వ్యవస్థ. జీపీఎస్‌లో వచ్చే పొరపాట్లను నేల మీద కొలిచి, దిద్దుబాట్లను జీశాట్ ఉపగ్రహాల ద్వారా కిందికి పంపుతుంది. 127, 128 అనే వాటి అసలు నంబర్ల నుంచి 87 తీసేసి చూపించడం ఎన్‌ఎంఈఏ పద్ధతి. బాబాయ్ మిషన్ మెనూలో దీన్ని వాస్ అని రాశారు, అమెరికా వాళ్ళ పేరు. అది ఆఫ్‌లో ఉంది. ఇన్నాళ్ళూ అక్కడి వ్యవహారం మనకెందుకని నేనే ఆఫ్ చేశాను.

రాత్రి బాబాయ్‌కి ఫోన్ చేసి రేకు కథంతా చెప్పాను. ఫైబర్ షీట్ అయితే ఏమీ ఆపడం లేదు అన్నాను. "మరైతే రేకు తీసి ఆ షీటేస్తే సరిపోదేటి?" అన్నాడు. అలా కాదు బాబాయ్, బయట యాంటెన్నాయే కరెక్టు అని చెప్పి పెట్టేశాను. అప్పటికే సగం మనసు సోల్డరింగ్ ఐరన్ మీద ఉంది.

అక్టోబర్ 25

వారమంతా రాత్రిళ్ళు దీనితోనే.

మాడ్యూల్ మాట్లాడే వోల్టేజీ వేరు, ఫిష్‌ఫైండర్ వినే వోల్టేజీ వేరు. నేరుగా కలిపితే ఒకటి సున్నాగా, సున్నా ఒకటిగా తిరగబడి పిచ్చి అక్షరాలు వస్తాయి. మధ్యలో మ్యాక్స్3232 చిప్పు పెడితే అది తిన్నగా తిప్పి ఇస్తుంది. నాకు బల్ల మీద పెట్టుకుని పరీక్షించడానికి మిషన్ కావాలి కాబట్టి బాబాయ్‌ని అడిగి హైదరాబాద్ తెచ్చుకున్నాను. ఈ పది రోజులూ ఆయన మిషన్ లేకుండానే వల వేశాడు. చేపలు బాగానే పడ్డాయట. రెండుసార్లు చెప్పాడు.

అన్నీ కలిపాను. మిషన్ "జీపీఎస్ లేదు" అంటుంది. ల్యాప్‌టాప్‌లో చూస్తే లైన్లు చక్కగా వస్తున్నాయి. రెండు రాత్రిళ్ళు పోయాయి. చివరికి చూస్తే సంగతి రెండు అక్షరాల్లో ఉంది. ఉత్త జీపీఎస్ అయితే ప్రతి లైను జీపీ అని మొదలవుతుంది. జీపీఎస్, గ్లోనాస్ రెండూ కలిపి వాడే మాడ్యూల్ జీఎన్ అని మొదలుపెడుతుంది. మా మిషన్ సాఫ్ట్‌వేర్ పాతది, జీపీ తప్ప ఇంకో పలకరింపు తెలియదు. మాడ్యూల్ సెట్టింగుల్లో జీపీ అనే పలకమని చెప్పగానే ఉలిక్కిపడి లేచినట్టు స్థానం చూపించింది.

తర్వాత వేగం. లోపలి జీపీఎస్ సెకనుకు ఒక్కసారి స్థానం ఇస్తుంది. పడవ గంటకు పది కిలోమీటర్లు పోతుంటే సెకనుకు 2.8 మీటర్లు. గుర్తు మీద బటన్ నొక్కే లోపు అంత దూరం జరిగిపోతుంది. అందుకని సెకనుకు ఐదుసార్లు ఇవ్వమన్నాను. మధ్య మధ్య లైన్లు ఎగిరిపోవడం మొదలైంది. ఎన్‌ఎంఈఏ 0183 మామూలు వేగం 4,800 బాడ్, అంటే సెకనుకు 480 అక్షరాలు. స్థానం చెప్పే జీజీఏ, దిక్కూ వేగం చెప్పే ఆర్‌ఎంసీ, ఈ రెండు లైన్లే కలిపి దాదాపు 145 అక్షరాలు. సెకనుకు మూడుసార్లకు మించి పట్టవు. పైగా ఏ ఉపగ్రహం ఎక్కడుందో చెప్పే జీఎస్‌వీ లైన్లు బోలెడు, ఇరుకు సందులో పెళ్ళి ఊరేగింపులా. వాటిని ఆపేసి, రెండు వైపులా 38,400కు మార్చాను. మా మిషన్‌లో ఆ వేగం ఉండడం అదృష్టం.

నవంబర్ 1

డబ్బా. రాణిగంజ్‌లో మూడంగుళాల పీవీసీ పైపు మూతలు రెండు కొన్నాను. ప్లాస్టిక్ కాబట్టి సిగ్నల్‌ను ఆపదు. సిరామిక్ పలక కింద లోహపు పళ్ళెం ఉంటే బాగా పట్టుతుంది, పైగా కింద నీటి మీద నుంచి ఎగిరొచ్చే ప్రతిబింబాలను కొంత అడ్డుకుంటుంది. బిస్కెట్ల రేకు డబ్బా మూతను డబ్బాలో పట్టేలా ఏడు సెంటీమీటర్ల బిళ్ళగా కత్తిరించి పెట్టాను. పైన ఉంటే ముంచేదీ, కింద ఉంటే పనికొచ్చేదీ అదే రేకు.

పరీక్షిస్తే మొన్నటి 45లు 38కి దిగిపోయాయి. మూత తీసినా అంతే. బ్యాటరీ 12 వోల్టులను ఐదుకు దించడానికి పెట్టిన చవక కన్వర్టర్ బిళ్ళను సరిగ్గా యాంటెన్నా కిందే అంటించాను. అది సెకనుకు లక్షసార్లకు పైగా ఆన్ ఆఫ్ అవుతూ చుట్టూ రొద చేస్తుంది. దాన్ని పీకేసి, ఆన్ ఆఫ్ లేకుండా వోల్టేజీ దించే పాతకాలపు 7805 చిప్పు వేశాను. ఏడు వోల్టులు వృథా, కానీ లాగేది 50 మిల్లీ ఆంపియర్లే కాబట్టి 0.35 వాట్లు. వేలు పెడితే గోరువెచ్చగా ఉంది, అంతే. గీతలు మళ్ళీ 44కి లేచాయి. పడవలో ఫోన్ చార్జర్లు, ఎల్‌ఈడీ పట్టీలు పెట్టుకునే వాళ్ళు వాటిని యాంటెన్నాకు కాస్త దూరంగా ఉంచాలి. లోపలి జీపీఎస్‌కూ ఇది వర్తిస్తుంది.

సిలికాన్ పూసి మూసేశాను. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు లోపల వేశాను.

నవంబర్ 2

వాన. బకెట్లో ముంచి చూడాలనుకున్న డబ్బాను మేడ మీద వదిలేశాను. లోపల పొడిగానే ఉంది.

నవంబర్ 8

నీళ్ళ మీద మొదటి రోజు.

యాంటెన్నా ఎక్కడ బిగించాలి అనేదాని గురించి నేను ఐదు నిమిషాలు కూడా ఆలోచించలేదు. పడవ ముందు కొసన జెండా కట్టే పైపు ఒకటి ఉంది. రేకుకు అవతల, చుట్టూ ఏ అడ్డూ లేదు. అక్కడే బిగించి, వైరును అంచు వెంట వెనక్కి తెచ్చాం.

స్విచ్ వేస్తే "జీపీఎస్ లేదు". గుండె జారింది. ల్యాప్‌టాప్ కారులో ఉండబట్టి బతికాను. మాడ్యూల్ నేను నేర్పినవన్నీ మరిచిపోయి పాత వేగానికి, పాత జీఎన్ పలకరింపుకు వెళ్ళిపోయింది. సెట్టింగులను శాశ్వతంగా నిలిచే ఫ్లాష్‌లో కాకుండా బటన్ బ్యాటరీ మీద బతికే జ్ఞాపకంలో రాశాను. ఆ బటన్ బ్యాటరీ చచ్చిపోయి ఎన్నాళ్ళయిందో. మళ్ళీ రాసి, ఈసారి ఫ్లాష్‌లో భద్రం చేసి, మూడుసార్లు కరెంటు తీసి పెట్టి చూసుకున్నాను. తర్వాత మిషన్ మెనూలోకి వెళ్ళి జీపీఎస్ మూలం అనే చోట లోపలిది తీసేసి బయటది ఎంచాను. ఇది మరిచిపోతే మిషన్ ఏమీ అనకుండా లోపలిదాన్నే వాడుకుంటుంది, మనం బయటది పని చేస్తోందని మురిసిపోతూ ఉంటాం.

కట్టేసిన పడవ గీత ఈసారి రెండు మీటర్లు. హెచ్‌డీవోపీ 0.7. బాబాయ్‌కి చూపించాను. "సుక్కలా నిలబడ్డాదే" అన్నాడు. నాకు ఆ క్షణంలో కాలర్ ఎగరేయాలనిపించింది.

ఒడ్డుకు దగ్గర్లో ఆరడుగుల లోతున ఒక వెదురు గడ పాతాం. మోటారు బాగా తగ్గించి, నాలుగు దిక్కుల నుంచీ గడను ఒరుసుకుంటూ వెళ్ళి, పడవ వెనక చెక్కకు బిగించిన ట్రాన్స్‌డ్యూసర్ గడ పక్కకు రాగానే గుర్తు నొక్కాలి. ట్రాన్స్‌డ్యూసర్ అంటే నీటిలోకి శబ్దం పంపి వినే ముక్క, లోతూ మోళ్ళూ చూసేది అదే. నాలుగు గుర్తులూ ఒక చోట కుప్పపడాలి.

పడలేదు. గ్రాఫు కాగితం మీద పెడితే అచ్చం ప్లస్ గుర్తులా వచ్చాయి. ఉత్తరంగా వెళ్ళినప్పుడు పెట్టింది గడకు ఉత్తరాన ఐదు మీటర్లు, దక్షిణంగా వెళ్ళినప్పుడు పెట్టింది దక్షిణాన ఐదు, తూర్పూ పడమరా అంతే. మళ్ళీ నాలుగు. మళ్ళీ అదే ప్లస్. సిగ్నల్ ఊగితే వచ్చే చిందరవందర కాదిది. కావాలని పేర్చినట్టుంది. వైరు లోపమేమో, ఆలస్యమేమో అని నేను లెక్కలు వేస్తూ కూర్చున్నాను.

బాబాయ్ కాగితం వైపు ఒకసారి, జెండా పైపు వైపు ఒకసారి చూశాడు. "నీ డబ్బా అణియం కాడ ఉంది. కన్ను అమరం కాడ ఉంది. ముక్కు మీద బొట్టెట్టి తోక యాడుందో అడిగితే ఏటి సెప్పుద్ది?" అన్నాడు.

అణియం అంటే పడవ ముందు కొస, అమరం అంటే వెనక భాగం. ఇరవై అడుగుల పడవ. యాంటెన్నా ముందు, ట్రాన్స్‌డ్యూసర్ వెనక. మధ్య దూరం టేపుతో కొలిస్తే 5.1 మీటర్లు.

ఆయన అక్కడితో ఆగలేదు. కాసేపు గడ్డం గీరుకుని, "మరి నేను ఎండల్లో మోళ్ళకాడ ఎలా ఎట్టాననుకున్నావు? పడవ ముక్కు మోడుకి ఆనించి మీట నొక్కాను" అన్నాడు. ముక్కు మోడు దగ్గర, మిషన్ వెనక రేకు కింద. ముప్పై ఏడు గుర్తులూ ఒక పడవ పొడవు పక్కకు ఉన్నాయి. ఏ పక్కకో, అప్పుడు పడవ ఎటు తిరిగి ఉందో మిషన్ రాసుకోదు. దానికి తోడు రేకు వల్ల వచ్చిన తప్పు. నేను అక్టోబర్ నుంచీ రేకును ఒక్కదాన్నే తిడుతూ కూర్చున్నాను.

వేపుడు తినబుద్ధి కాలేదు. తిన్నాను.

నవంబర్ 16

యాంటెన్నాను వెనక్కి మార్చాం. రేకు చట్రం వెనక గుంజకు ఒక పైపు ముక్క వెల్డింగ్ చేయించి, డబ్బా రేకు అంచు కంటే అడుగున్నర ఎత్తులో, సరిగ్గా ట్రాన్స్‌డ్యూసర్ పైన వచ్చేలా బిగించాం. ఇంకా ఎత్తు పెడదామా అన్నాడు బాబాయ్ బామ్మర్ది. వద్దన్నాను. నీటికి రెండున్నర మీటర్ల ఎత్తున ఉన్న డబ్బా, పడవ పది డిగ్రీలు ఒరిగితే 43 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. ఆకాశం కనబడితే చాలు, అంతకు మించిన ఎత్తు ఊగడానికి తప్ప పనికిరాదు.

అదే గడ, అవే నాలుగు దిక్కులు, రెండేసి సార్లు. ఎనిమిది గుర్తులూ రెండున్నర మీటర్ల లోపు కుప్పపడ్డాయి. మా మిషన్ స్థానాన్ని డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో మూడు దశాంశ స్థానాల దాకా చూపిస్తుంది. చివరి అంకె ఒక్కటి మారితే ఉత్తర దక్షిణాల్లో 1.85 మీటర్లు. కాబట్టి తెర చూపగలిగినంత మెరుగ్గా ఇది వచ్చినట్టే.

ఒకటి మాత్రం తీరలేదు. మోటారు ఆపి పడవ తేలుతూ ఉంటే తెర మీద పడవ బొమ్మ బొంగరంలా తిరుగుతుంది. బాబాయ్‌కి ఇది చిరాకు. కానీ యాంటెన్నా ఎంత మంచిదైనా ఇది పోదు. జీపీఎస్‌కు తెలిసేది ఎటు కదులుతున్నామన్నది, ముక్కు ఎటు ఉందన్నది కాదు. కదలిక లేనప్పుడు ఆ రెండు మీటర్ల ఊగుడునే ప్రయాణం అనుకుని బొమ్మను తిప్పుతుంది. దీనికి దిక్సూచి సెన్సర్ కావాలి. ఖరీదైన పుట్టగొడుగుల్లో కొన్నింటికి అది కూడా లోపలే వస్తుంది. అయితే దాన్ని మోటారుకూ ఇనుప గుంజలకూ దూరంగా పెట్టాలి, ఈ పడవలో అలాంటి చోటు లేదు. బొమ్మ తిరిగితే తిరగనీ, చుక్కను చూడు బాబాయ్ అన్నాను.

నవంబర్ 23

బామ్మర్ది పడవ చూశాను. ఆయనకూ అదే మిషన్, అదే రేకు కప్పు. నేను సిలికాన్ పూసుకుంటూ ఉన్న రోజుల్లో వీళ్ళు దేవరకొండ నుంచి తెల్ల ఫైబర్ షీట్ తెచ్చి, మిషన్ పైన ఉన్న రేకు ఒక్కటి తీసి అది వేసేశారు. ఎవరి ఆలోచన అని అడిగితే బాబాయ్ మోటారు తాడు సర్దుకుంటూ అటు తిరిగాడు.

లోపలి జీపీఎస్సే. వాస్ ఆన్ చేసి చూస్తే పది ఉపగ్రహాలు, హెచ్‌డీవోపీ 1.1. మిషన్ వెనకే ఉంటుంది కాబట్టి ట్రాన్స్‌డ్యూసర్‌కు దాని దూరం మీటరు లోపే. గడ చుట్టూ ఎనిమిది గుర్తులు పెట్టించాను. నాలుగు మీటర్ల లోపు అన్నీ ఉన్నాయి. నా డబ్బా రెండున్నర, ఈ షీటు నాలుగు. ఖర్చు లెక్క ఇక్కడ రాయను.

నా పక్షాన చెప్పుకోవాల్సింది కొంత ఉంది. పడవ జోరుగా పోతుంటే సెకనుకు ఐదుసార్లకూ ఒక్కసారికీ తేడా తెలుస్తుంది. బామ్మర్ది మిషన్‌లో గుర్తు వెనకబడుతుంది. షికారు జనం వచ్చి మిషన్ చుట్టూ నిలబడి ఫొటోలు దిగితే లోపలిదానికి రెండు మూడు ఉపగ్రహాలు తగ్గాయి, నా డబ్బాకు ఏమీ కాలేదు. పూర్తిగా ఇనుమో అల్యూమినియమో ఉన్న క్యాబిన్ అయితే షీటు మార్చే దారి కూడా ఉండదు, బయటిదే గతి. కానీ కప్పు లేని పడవో, ఫైబర్ కప్పున్న పడవో ఉన్నవాడు వచ్చి బయట యాంటెన్నా కొనమంటావా అని అడిగితే, మిషన్‌ను ట్రాన్స్‌డ్యూసర్‌కు దగ్గరగా బిగించుకుని డబ్బులు వలకు పెట్టుకోమంటాను.

పాత గుర్తుల పని మధ్యాహ్నం మొదలుపెట్టాం. ఒక్కో గుర్తు చుట్టూ ఇరవై మీటర్ల మేర పడవను గానుగెద్దులా తిప్పుతూ, కింద మోడు తగిలిన చోట కొత్త గుర్తు పెట్టి పాతది చెరిపేయడం. పడవ పొడవు, రేకు తప్పు, రెండూ కలిపి అంత మేర వెతకాల్సి వస్తోంది. వల చిరిగిన మోడు దగ్గర పాత గుర్తుకూ కొత్త గుర్తుకూ మధ్య 16 మీటర్లు వచ్చింది. తెర మీద ఆ మోడు నిలువు గీతలా కనబడితే బాబాయ్ తలపాగా తీసి దానికి దణ్ణం పెట్టాడు.

చీకటి పడే లోపు తొమ్మిది అయ్యాయి. ఇంకా ఇరవై ఎనిమిది ఉన్నాయి. వచ్చే ఆదివారం డీజిల్ నాది, వేపుడు ఆయనది.